స్టీరింగు మీద ఆఖరి ముడి

యర్రయ్య కుడిచేతి బొటనవేలు రోజంతా ఆనే చోటే జీపు స్టీరింగు తోలు మొదట చీలింది. ఆ చీలికలోకి చెమట దిగింది. చెమట వెనక వానాకాలపు తేమ, తేమ వెనక ఆకుపచ్చని బూజు వచ్చాయి. ఆఫీసులో అందరికీ కనిపించింది బూజు మాత్రమే. గుడ్డతో తుడిస్తే పోతుందని హెడ్ క్లర్కు చెప్పాడు. యర్రయ్య తుడిచాడు. తుడిచిన ప్రతిసారీ తోలు పొరలుగా లేచి అరచేతులకు నల్లగా అంటుకుంది. యుద్ధకాలంలో సైన్యం ఈ దీవిలో వదిలిపెట్టి వెళ్లిన, స్టీరింగు ఎడమవైపుండే జీపు అది. లోపలి ఇనుప చక్రాన్నీ పైతోలునూ కలిపిన కుట్టు చాలాచోట్ల తెగిపోయిందని యర్రయ్య ఒక్కడికే తెలుసు. అతడు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తాత్కాలిక డ్రైవరు బండిలో లోపం చెబితే వినేవాడికి డ్రైవరులో లోపంగానే వినిపిస్తుందని అతని భయం.

అరవై ఏడు జూలైలో ఒక సోమవారం ఉదయం, డిగ్నాబాద్ వాలు మీద వాన కురుస్తుండగా మలుపు తిప్పబోయాడు. అతని చేతుల కింద తోలు తిరిగింది, ఇనుప చక్రం తిరగలేదు. జీపు నేరుగా పోయి కాలవగట్టు రాయిని రాసుకుని ఆగింది. బండిలో గాని, రోడ్డు మీద గాని ఎవరూ లేరు. యర్రయ్య దిగి, ముందుచక్రం పైరేకుకు పడిన సొట్టను లోపలినుంచి మోకాలితో నెట్టి సరిచేశాడు. తోలు వదిలి చక్రపు ఇనుప కమ్ములు పట్టుకుని తిప్పుతూ ఆఫీసు చేరాడు.

అదే రోజు ఆఫీసులో రెండు సంగతులు తెలిశాయి. కొత్త ఆఫీసరు గణేశ్వరరావు గారు గురువారం మద్రాసు ఓడలో దిగుతున్నారన్నది మొదటిది. యర్రయ్యను పర్మనెంటు చేసే కాగితం మీద ఆయనే సంతకం పెట్టాలన్నది రెండవది. కొత్త స్టీరింగు కావాలని అడిగితే, రాసి పంపాక రెండు ఓడలు రావాలని స్టోరువాళ్లు చెప్పారు. బజారులో చెప్పులు కుట్టే ముసలాయన నెల క్రితమే ఓడెక్కి దేశం వెళ్లిపోయాడు. సాయంకాలం ఇదంతా విన్న భార్య కాళమ్మ, కూర కలియబెడుతూ తల ఎత్తకుండానే, సూది పట్టిన చెయ్యి మనవాళ్లలోనే ఉండగా ఊరంతా ఎందుకు తిరిగావని అడిగింది.

ఆమె అన్నది యర్రయ్య తల్లి గురువమ్మ గురించి. జాలర్లుండే జంగ్లీఘాట్‌లో గురువమ్మ చిరిగిన వలలు కట్టేది, తెరచాప గుడ్డలకు మాసికలు వేసేది. పొద్దున్నే జెట్టీ దగ్గర చేపలు అమ్మేది. ఆమె పేరు అప్పటికే యర్రయ్య మనసులో మెదిలింది. మెదిలినందుకే, అక్కడికి పోకుండా గడుస్తుందేమోనని రోజంతా బజారులో తిరిగాడు.

మంగళవారం మధ్యాహ్నం స్టీరింగు నడిమి నట్టు విప్పి, చక్రాన్ని ఊడలాగి, గోనెసంచిలో చుట్టాడు. ఖాకీ చొక్కా విప్పి మామూలు చొక్కా తొడుక్కున్నాడు. ఖాకీతో జంగ్లీఘాట్ వెళ్లి రెండేళ్లయింది. ఖాకీకి అక్కడి చేపపొలుసు అంటుకుంటుందని మొదట కాళమ్మతో అన్నాడు, తరవాత అది అలవాటైపోయింది.

గురువమ్మ సంచి విప్పి చక్రాన్ని ఒడిలో పెట్టుకుంది. ఏ వలను ముట్టుకున్నా చేసే విధంగానే, కళ్లు ఎటో పెట్టి, వేళ్లతో చుట్టంతా ఒకసారి తడిమింది. మూడు వంతుల తోలుకు ప్రాణం ఉందనీ, ఒక వంతు చచ్చిపోయిందనీ తేల్చింది. పెచ్చులు లేచిన ఆ భాగాన్ని పదునైన చేపకత్తితో కోసి తీసింది. మిగిలినదాన్ని మంచినీళ్లలో నానబెట్టింది. తరవాత అటక మీది రేకుపెట్టె దించి, అడుగునుంచి వెడల్పాటి తోలుముక్క ఒకటి తీసింది. యర్రయ్య దాన్ని గుర్తుపట్టాడు. తండ్రి బతికుండగా సొరచేపల తాడు లాగేటప్పుడు అరచేతికి కట్టుకున్న తోలు అది. తాడు ఒరిపిడికి మధ్యలో ఒక గాడి పడింది. ఆ గాడి సరిగ్గా చక్రం వంపు మీద కూర్చుంటుందని గురువమ్మ చూపించింది. దానిని గురించి అంతకన్నా ఏమీ అనలేదు.

బుధవారమంతా కుట్టింది. తడితోలును చక్రం చుట్టూ లాగి, లోపలి అంచులు రెండూ కలిసేచోట ముడి మీద ముడిగా బిగించింది. అది చెప్పులవాడి కుట్టు కాదు. వలకన్నుకు వేసే ముడి, లాగినకొద్దీ బిగిసేది. ఒక్కచోట తెగినా పక్క ముడి వదలదు. దారం కోసి కోసి ఆమె చూపుడువేలి మడతలో నెత్తురు కనబడితే, కొంగుతో ఒత్తి మళ్లీ సూది అందుకుంది. తోలు ఆరి బిగిశాక, సీసాలోని సొరచేప నూనె పీచుకు తీసుకుని చుట్టంతా పట్టించింది. ఏటేటా పడవ పలకలకు పట్టించేది ఆ నూనే. ఉప్పుగాలికి చెక్క కుళ్లకుండా, తోలు పగలకుండా దానికి మించినది ఆ తీరంలో ఎవరికీ తెలియదు. దానికి వాసన ఉందన్న ఆలోచన ఆమెకు రాలేదు. పక్కనే కూర్చున్న యర్రయ్యకూ రాలేదు. పుట్టినప్పటినుంచి ముక్కులో ఉన్నదాన్ని ముక్కు పట్టించుకోదు.

చివర జానెడు దారం వదిలిపెట్టి, గురువమ్మ చక్రాన్ని కొడుకు వైపు జరిపింది. వల ఎవరు కట్టినా, ఆఖరి ముడి మాత్రం ఆ వలతో బతికేవాడే వేసుకోవాలి. కట్టినవాళ్లు వేస్తే వల వాళ్లదే అవుతుందని జాలర్ల నమ్మకం.

"ముడి గేపకం ఉందేట్రా?" అని అడిగింది.

ఉందన్నాడు యర్రయ్య. ఇంటికెళ్లి వేసుకుంటానన్నాడు. అతనికి ముడి జ్ఞాపకం లేదు. ఎనిమిదేళ్ల క్రితం డ్రైవింగు నేర్చుకోవడానికి పోయినప్పుడు వదిలిన పనుల్లో అదీ ఒకటి. మరిచిపోయానని తల్లితో చెప్పలేక, ఆ దారాన్ని తోలు మడతలోకి దోపి, చక్రాన్ని గోనెలో చుట్టుకుని బయలుదేరాడు.

గురువారం తెల్లవారి చక్రాన్ని తిరిగి బిగించి జీపు నడిపితే, అది చేతిలో చెయ్యిలా ఉంది. తండ్రి తోలులోని గాడిలో అతని బొటనవేలు కుదురుగా కూర్చుంది.

జెట్టీ పక్కనే ఆఫీసువాళ్ల రేకుల షెడ్డు. జీపు అందులో ఉంటుంది. ఆ షెడ్డు చూరు కింద పది పన్నెండుమంది చేపల ఆడవాళ్లు బుట్టలు దించుకుని, వానకూ ఎండకూ తలదాచుకుంటూ అమ్ముకుంటారు. గురువమ్మ, బుల్లమ్మ, తవిటమ్మ పక్కపక్కనే కూర్చుంటారు. యర్రయ్య షెడ్డులోకి వచ్చేటప్పుడు తల్లి వైపు చూసి తల పంకిస్తాడు, ఆమె కూడా అంతే, మాటలుండవు. ఎవరూ నిర్ణయించని ఏర్పాటు అది.

ఓడ పది గంటలకు వచ్చింది. వాన ఆగి, రేకుల మీద ఎండ పడి, షెడ్డు లోపల ఉక్కపోసింది. గణేశ్వరరావు గారు రాజమండ్రి వైపు మనిషి, సన్నగా, మాట తక్కువగా ఉన్నారు. ఆయన ఎక్కి కూర్చున్నారు. భార్య వెనక సీటులో కూర్చోబోయి, ఆగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మొహం పక్కకు తిప్పుకున్నారు.

ఆ కొంగును చూసిన క్షణంలోనే యర్రయ్యకు మొట్టమొదటిసారి ఆ వాసన తెలిసింది. పడవ అడుగు వాసన, అటక వాసన, తండ్రి చేతుల వాసన. అది జీపంతా నిండి ఉంది. తన చేతుల నుంచి, తన నుంచి వస్తోంది.

"ఇందులో చేపలేమైనా ఎక్కించారా?" అని ఆఫీసరు గారు మామూలు గొంతుతోనే అడిగారు.

యర్రయ్య చెప్పదలిస్తే చెప్పడానికి నాలుగు మాటలు చాలు. అతని కళ్లు చూరు కిందికి పోయాయి. "లేదు సార్. నేను లేనప్పుడు ఆ చేపలావిడ ఎవరో బుట్ట లోపల పెట్టినట్టుంది," అన్నాడు. అంటూ చెయ్యి చాపాడు. చెయ్యి ఎవరివైపు పోతుందో ముందుగా అనుకోలేదు. రోజూ చూసే వైపే పోయింది.

బుల్లమ్మ నోరు తెరిచింది. గురువమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపి, లేచి, రెండడుగులు ముందుకు వచ్చింది. చూపుడువేలికి కట్టుకున్న గుడ్డ పీలికను మరో చేత్తో కప్పుకుంది.

"నానే ఎట్టినాను బాబూ. ఆన కురుస్తుంటే బుట్ట తడిసిపోద్దని ఎట్టినాను. డ్రైవరు బాబుకి తెల్దు. తప్పయిపోనాది," అంది.

ఆఫీసరు గారు సరేనన్నట్టు తల ఊపారు. యర్రయ్య బండి తిప్పాడు. బంగళాదాకా, వాలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, తోలు ఒక్కసారైనా జారలేదు.

ఆ మధ్యాహ్నం అతడు స్టీరింగును సబ్బుతో కడిగాడు, నిమ్మకాయతో రుద్దాడు, కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. నూనె దారంలోకీ, దారం ముడుల్లోకీ ఇంకిపోయింది. ముడులు విప్పుదామని గోరు పెట్టి చూశాడు. అవి విడివడే ముడులు కావు. కొయ్యాలి. జేబులోంచి కత్తి తీసి, తెరిచి, మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం ఉదయం షెడ్డు చూరు కింద ఎవరూ లేరు. చేపల ఆడవాళ్లంతా రోడ్డుకు అవతల, గోడవారన, గోనెలు నెత్తిన కప్పుకుని వానలో కూర్చున్నారు. బుట్టల్లోని కవళ్ల చేపల మీద నీళ్లు కారుతున్నాయి. తడిసిన చేప మధ్యాహ్నానికల్లా మెత్తబడుతుంది, మెత్తబడ్డదాన్ని ఎవరూ కొనరు. యర్రయ్య చౌకీదారు అప్పయ్యను అడిగాడు. అప్పయ్య బీడీ ముట్టించుకుంటూ, పొద్దున్నే తరిమేశానని చెప్పాడు.

"సాబు హుకుమా?"

"సాబు హుకుమో, నా హుకుమో, ఏదైతే ఏటి భయ్యా. రోజూ ఆవిడ ఈడే కూకుంటే ఎవుడో ఒకడు సాబు చెవిలో ఏస్తాడు గదా, ఆవిడ నీ అమ్మేనని. అప్పుడు నీ పర్మనెంటు ఖతమ్. ఒక్క మీ అమ్మనే లేపితే బాగోదని అందర్నీ లేపేసినాను. నీ కోసమే చేసినాన్రా."

అప్పయ్య నిజంగానే స్నేహంతో చెప్పాడు. అందుకని యర్రయ్యకు కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు దొరకలేదు. తాను అన్న ఒక్క మాట ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో అతడు వరసగా చూడగలిగాడు. తోలు, నూనె, కొంగు, చాచిన చెయ్యి, ఇప్పుడు వానలో పన్నెండు బుట్టలు. ప్రతిదాన్నీ ముందున్నది తోసింది. ఆ వరసలో ఒక్కచోట మాత్రం ఏదీ ఎవరినీ తొయ్యలేదు. అక్కడ నోరు తనది, చెయ్యి తనది.

సాయంకాలం జంగ్లీఘాట్ వెళ్లాడు. ఖాకీ విప్పకుండానే వెళ్లాడు. గురువమ్మ గుమ్మంలో వల పరుచుకుని కూర్చుంది. అతన్ని చూసి కాళ్లు దగ్గరికి లాక్కుని, పక్కనున్న పీట తుడిచి ముందుకు జరిపింది.

"కూకోండి డ్రైవరు బాబూ. టీ పెడతాను," అంది.

ఆ మాటలో వెటకారం ఉందేమోనని వెతికాడు. లేదు. కోపం ఉంటుందేమోనని చూశాడు. అదీ లేదు. కొడుక్కి ఏది అవసరమో అది గురువారం నాడు ఆమె తెలుసుకుంది. అవసరమైన ఆ పిలుపునే జాగ్రత్తగా వాడుతోంది, ఇంట్లో నోరు జారితే జెట్టీలో కూడా జారుతుందని. యర్రయ్య టీ తాగాడు. చెప్పాలనుకున్నది చెప్పకుండా, వానలు ఇంకా ఎన్నాళ్లుంటాయోనన్నాడు. ఉంటాయి బాబూ, అంది గురువమ్మ.

ఇంటికి వస్తే కాళమ్మకు అప్పటికే బుల్లమ్మ ద్వారా అంతా తెలిసింది. ఆమె అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది, పక్కనే కూర్చుంది. "రేపు మన పిల్ల పెద్దదై నిన్ను సూపించి, ఆ మనిసెవురో నాకు తెల్దు, డ్రైవరట అని అంటే, నువ్వు బాధపడకు. ఇంట్లో సూసి నేర్చుకుందనుకో," అంది. అరవలేదు. అరిచి ఉంటే యర్రయ్య తిరిగి అరవగలిగేవాడు.

శనివారం ఆఫీసరు గారిని ప్రోతరాపూర్ తీసుకువెళ్లాలి. తిరిగి వచ్చేటప్పుడు వాన దట్టంగా పట్టింది. ఒక మలుపులో కొండమట్టి జారి సగం రోడ్డు మీద పడి ఉంది, ఎదురుగా బస్సు వస్తోంది. యర్రయ్య చక్రాన్ని పూర్తిగా తిప్పాడు. అరచేతిలో తడి ఉన్నా, తండ్రి తోలు చేతిని వదలలేదు, ముడులు చక్రాన్ని వదలలేదు. జీపు మట్టికీ బస్సుకూ మధ్య సన్నని దారిలోంచి బయటపడింది. బస్సు డ్రైవరు చెయ్యెత్తి వెళ్లిపోయాడు. ఆఫీసరు గారు కళ్లజోడు తుడుచుకుంటూ, స్టీరింగు మంచి పట్టు మీద ఉందే, ఎవరు వేశారని అడిగారు.

యర్రయ్య జీపును పక్కకు తీసి ఆపాడు. రెండు చేతులూ చక్రం మీదే ఉంచి, ముందున్న అద్దాన్ని చూస్తూ చెప్పాడు. "మా అమ్మ వేసింది సార్. వాసన ఆ నూనెదే. గురువారం నేను చూపించిన చేపలావిడే మా అమ్మ. బుట్ట ఎవరూ పెట్టలేదు. నేను అబద్ధం చెప్పాను. దానివల్ల వాళ్లనందర్నీ షెడ్డులోంచి వెళ్లగొట్టారు."

గణేశ్వరరావు గారు కళ్లజోడు పెట్టుకున్నారు. వెళ్లగొట్టమని తానెవరికీ చెప్పలేదన్నారు. షెడ్డులో ఎవరు కూర్చుంటున్నారో కూడా తాను గమనించలేదన్నారు. "మా ఆవిడకు ఓడలో నాలుగు రోజులూ వాంతులేనయ్యా. ఆ రోజు మల్లెపూలు పెట్టినా కొంగు అడ్డం పెట్టుకునేది," అన్నారు. తరవాత, పర్మనెంటు కాగితం మీద గురువారం సాయంత్రమే సంతకం అయిపోయిందనీ, హెడ్ క్లర్కు ఇంకా చెప్పలేదా అనీ అడిగారు.

యర్రయ్యకు ఒక్కసారిగా ఒళ్లు తేలిక కాలేదు. గురువారం సాయంత్రం అంటే, ఆ అబద్ధం తరవాత. అది లేకపోయినా ఆ సంతకం పడేదే కావచ్చు. ఇక ఎప్పటికీ తేలదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ కాగితానికి వెనక వైపు ఒకటి ఉంటుంది.

"మీ అమ్మ అని అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?" అని అడిగారు ఆఫీసరు గారు. మందలించడానికి కాదు, నిజంగానే తెలియక అడిగారు. యర్రయ్య బండి స్టార్టు చేశాడు.

ఆయన్ను బంగళాలో దింపి షెడ్డుకు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, వాన తగ్గలేదు. సాబు తరిమెయ్యమనలేదట, పిలిచి కూర్చోబెట్టు అని అప్పయ్యతో చెప్పాడు. అప్పయ్య గొణుక్కుంటూ వెళ్లాడు. ఆడవాళ్లు బుట్టలు ఎత్తుకుని ఒక్కొక్కరే వచ్చారు. యర్రయ్య ముందునుంచి పోతూ తవిటమ్మ, తమకు కూడా పర్మనెంటు అయిందా భయ్యా అని అడిగింది. ఎవరూ నవ్వలేదు.

గురువమ్మ రాలేదు. మిగిలినవాళ్లను పొమ్మని తోలి, తాను గోడవారనే గోనె కప్పుకుని కూర్చుంది. తాను దూరంగా ఉంటేనే కొడుకు పని నిలుస్తుందన్న లెక్కలోనే ఆమె ఇంకా ఉంది.

యర్రయ్య జీపును షెడ్డులోంచి వానలోకి తీసి, రోడ్డు దాటించి, ఆమె ముందు ఆపాడు. అటు చూరు కింద పదకొండుమంది, గేటు దగ్గర అప్పయ్య, మెట్ల మీద ఇద్దరు గుమస్తాలు చూస్తున్నారు. దిగి నిలబడ్డాడు. ఖాకీ భుజాల మీద నల్లగా తడిసింది.

"అమ్మా," అన్నాడు, అవతలివాళ్లకు వినబడేలా.

గురువమ్మ కంగారుగా షెడ్డు వైపు చూసింది. "ఎల్లండి డ్రైవరు బాబూ, డూటీ మీద ఉన్నారు గదా," అంది గొంతు తగ్గించి.

"సాబుకి సెప్పేసినాను. నువ్వు మా అమ్మవని సెప్పేసినాను." ఎనిమిదేళ్లుగా ఆఫీసులో వాడని యాస అతని నోట్లోకి తిరిగి వచ్చింది. అంతకన్నా కష్టమైనది ఇంకొకటి మిగిలింది. తోలు మడతలోకి దోపిన దారపు కొసను గోటితో బయటికి లాగి పట్టుకున్నాడు. "ఆకరి ముడి నాకు రాదే. మర్సిపోనాను. ఆ రోజు ఉందని సెప్పింది కూడా అబద్ధమే."

గురువమ్మ అతని చేతిలోని దారాన్ని చూసింది. తరవాత గోనె తీసి బుట్ట మీద కప్పి, మోకాళ్ల మీద చేతులు ఊని లేచి, జీపు దగ్గరికి వచ్చింది. దారాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే ముడి తనదవుతుంది. గుడ్డపీలిక కట్టిన వేలిని మాత్రం చక్రం మీద ఒకచోట ఆనించి పెట్టింది.

యర్రయ్య దారాన్ని ఆ వేలి చుట్టూ తిప్పి, కిందినుంచి తీసి, లాగాడు. ముడి నిలవలేదు, జారిపోయింది. వాన నీళ్లు నుదుటి మీంచి కళ్లలోకి దిగుతున్నాయి. రెండోసారి కూడా తప్పే వేశాడు.

"అటు కాదురా," అంది గురువమ్మ. "ఒరే యర్రా, బొటనేలు కింద నించి తియ్యి."

యర్రయ్య తల ఎత్తలేదు. దారం విప్పి, మళ్లీ మొదటినుంచి తిప్పాడు.